పిల్లల కారు సీటు

నడుస్తున్న కారు దేన్నైనా గుద్దుకుని ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు పసిబిడ్డ ముందుకు ఎగిరిపోకుండా పట్టి ఉంచే సాధనం పిల్లల కారు సీటు. బేబీ సీటు, చైల్డ్ సీటు, కార్ సీటు అని వాడుకలో ఎన్ని పేర్లున్నా వస్తువు ఒకటే. చట్టంలో దీని పేరు చైల్డ్ రెస్ట్రెయింట్ సిస్టం. పేరులో సీటు ఉండడంతో చాలామంది దీన్ని బిడ్డ కూర్చోవడానికి మెత్తటి కుర్చీ అనుకుంటారు. దీని పని పట్టుకోవడం. పెద్దల కొలతకు కుట్టిన సీటు బెల్టు పిల్లలకు మెడ మీదా పొట్ట మీదా పడుతుంది. అందుకని కారుకూ బిడ్డకూ మధ్య ఇంకో పట్టు కావలసి వచ్చింది.

హైదరాబాద్ తూర్పు వైపున, ఉప్పల్, నాచారంలను ఆనుకుని ఉన్న మల్లాపూర్‌లో ఇది ఇంకా కొత్త వస్తువే. పారిశ్రామికవాడ, దాని చుట్టూ కాలనీలు, అపార్ట్‌మెంట్లు; లారీ, కంపెనీ బస్సు, ఆటో, స్కూటీ, కారు అన్నీ ఒకే రోడ్డు మీద. ఇలాంటి చోట బిడ్డ ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేది అమ్మమ్మ ఒళ్లో. కొన్ని నెలలకు పుట్టింటి నుంచి నాన్న ఇంటికి వెళ్లేదీ ఒళ్లోనే. ఏడాది నిండకముందో, మూడో ఏటో పుట్టువెంట్రుకలకు యాదగిరిగుట్ట ప్రయాణం కడతారు. ఉప్పల్ దాటి ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి మీదుగా వరంగల్ హైవే మీద అరవై కిలోమీటర్ల లోపు దారి. మల్లాపూర్ నుంచి నాచారం, హబ్సిగూడ మీదుగా ఉప్పల్ చేరేదాకా బండి పాకుతుంది. ఘట్‌కేసర్ దాటాక వేగం అందుకుంటుంది. బిడ్డ మాత్రం అంతసేపూ అదే ఒళ్లో ఉంటుంది.

ఒడి ఎందుకు చాలదు

గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. డివైడర్‌కో, ఆగి ఉన్న లారీకో తగిలి ఆ వేగమంతా సెకనులో పదిహేనో వంతులో సున్నా అయిందనుకుందాం. పది కిలోల బిడ్డ ఆ క్షణంలో రెండు క్వింటాళ్ల బలంతో ముందుకు దూకుతుంది. పాతిక కిలోల బియ్యం బస్తాలు ఎనిమిదింటిని ఎవరో ఒకేసారి చేతుల్లోంచి లాగినట్టు. పట్టుకున్నది తల్లి కావచ్చు, పహిల్వాన్ కావచ్చు, ఆ బలం ముందు చేతులు విడిపోతాయి. అదే వేగాన్ని ఇంకోలా చెబితే, పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు నుంచి పడినంత. బాల్కనీ పిట్టగోడ దగ్గర బిడ్డను క్షణం వదలని వాళ్లే కారులో ముందు సీట్ల మధ్య ఖాళీలో నిలబెట్టి, అద్దంలోంచి బయటికి చూపిస్తూ వెళ్తారు.

ఒళ్లో పెట్టుకున్నవారు బెల్టు పెట్టుకోకపోతే పరిస్థితి ఇంకా అన్యాయం. వెనక నుంచి వారి బరువంతా బిడ్డ మీద పడి, ముందు సీటుకూ తమ ఒంటికీ మధ్య బిడ్డను నలిపేస్తారు. ఒకే బెల్టును ఇద్దరి మీదుగా వేసుకున్నా జరిగేది అదే.

వెనక సీటు క్షేమం అన్న నమ్మకంలో సగం నిజం ఉంది. ఢీకొన్న చోటికి అది దూరం, ముందు ఎయిర్‌బ్యాగ్ బెడద ఉండదు. మిగతా సగం నిజం కావాలంటే బెల్టు ఉండాలి. 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర వంతెన మీద జరిగిన ప్రమాదంలో టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయారు. ఖరీదైన కారు, కూర్చున్నది వెనక సీట్లో, బెల్టు లేదు. వెనక బెల్టు గురించి దేశమంతా మాట్లాడింది అప్పుడే. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం ఆ ఏడాది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 16,715 మంది సీటు బెల్టు పెట్టుకోనివారు. వారిలో దాదాపు సగం, 8,331 మంది, డ్రైవర్లు కాదు, ప్రయాణికులు. మొత్తం మరణాల్లో పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలవి 9,528.

చట్టం

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 194బి సెక్షన్ వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. పద్నాలుగేళ్లు నిండని పిల్లలను సీటు బెల్టుతో గానీ, పిల్లల సీటుతో గానీ భద్రపరచకుండా కారు నడిపినా, నడపనిచ్చినా వెయ్యి రూపాయల జరిమానా. ఏ వయసుకు ఏ సీటు అన్న వివరం ఆ సెక్షన్‌లో లేదు. ఏడు నెలల బిడ్డకూ పదమూడేళ్ల బాలుడికీ వాక్యం ఒకటే. హెల్మెట్ లేదని చలాను పడటం అందరికీ తెలుసు; ఒళ్లో బిడ్డ ఉందని చలాను పడ్డవాళ్లు కనపడటం అరుదు.

సీటు తయారీకి మన దేశంలో ఏఐఎస్-072 అనే ప్రమాణం ఉంది. దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది మాత్రం యూరప్ నిబంధన ఆర్-44 గుర్తు: సీటు వెనకో అడుగునో నారింజ రంగు చీటీ, దాని మీద వలయంలో ఇంగ్లిష్ E అక్షరం, పక్కన ఒక అంకె. ఆ అంకె ఆమోదించిన దేశాన్ని సూచిస్తుంది. 1 అయితే జర్మనీ, 4 అయితే నెదర్లాండ్స్. ఆర్-44 బిడ్డ బరువును బట్టి సీట్లను విడదీస్తుంది. 2013లో వచ్చిన ఆర్-129 ఎత్తును లెక్కలోకి తీసుకుంటుంది, పక్క నుంచి గుద్దినప్పటి పరీక్షను కూడా కలుపుతుంది, కనీసం 15 నెలల దాకా బిడ్డ వెనక్కి చూస్తూనే ప్రయాణించాలంటుంది. ఏ చీటీ లేని సీటు ఎంత అందంగా ఉన్నా బొమ్మల కుర్చీ కిందే లెక్క. కుర్చీకి కట్టే గుడ్డసంచీలా ఉండి, నాలుగు పట్టీలతో చవకగా అమ్మే సరుకు ఆన్‌లైన్‌లో బోలెడుంది. అది ఆ కోవలోదే.

కార్ల వైపు చూస్తే, 2023 అక్టోబర్ 1న మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో పిల్లల భద్రతకు విడిగా 49 మార్కులున్నాయి. పద్దెనిమిది నెలల, మూడేళ్ల పిల్లల కొలతల బొమ్మలను పిల్లల సీట్లలో కట్టి కారును గుద్దిస్తారు. సీటు బిగించడం ఎంత సులువో చూడటానికీ కొన్ని మార్కులు. ఆ ఏడాది డిసెంబర్‌లో మొట్టమొదట ఫలితాలు వచ్చిన టాటా హారియర్, సఫారీలకు పెద్దల, పిల్లల విభాగాలు రెండింట్లో అయిదేసి నక్షత్రాలు దక్కాయి. కారు కొనేటప్పుడు పెద్దల నక్షత్రాల గురించి అడిగేవారు పిల్లల నక్షత్రాలు ఎన్నో కూడా అడగాలి. రెండూ ఎప్పుడూ సమానంగా ఉండవు.

పుట్టుక

1930లలో అమెరికాలో అమ్మిన పిల్లల సీట్లు బిడ్డను కాస్త ఎత్తున కూర్చోబెట్టడానికే పనికొచ్చేవి. ప్రాణరక్షణ అన్న ఆలోచన వచ్చింది 1960లలో. మూడు చోట్ల పట్టే సీటు బెల్టును నిల్స్ బోలిన్ స్వీడన్ కంపెనీ వోల్వోకు 1959లో తయారుచేశాడు. ఆ స్వీడన్‌లోనే బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే వైద్యుడు, వ్యోమగాములు రాకెట్‌లో వీపును సీటుకు ఆన్చి పడుకోవడం చూసి, పిల్లలనూ అలా వెనక్కి తిప్పితే బాగుంటుందనుకున్నాడు. 1964లో ఆ నమూనాను వోల్వో పరీక్షించింది. పెద్ద పిల్లలను ఎత్తున కూర్చోబెట్టి కారు బెల్టునే సరిగ్గా పడేలా చేసే బూస్టర్‌ను 1978లో అదే కంపెనీ తెచ్చింది. చట్టం చేయడంలో అమెరికాలో మొదటి రాష్ట్రం టెనెసీ. అది 1978 నుంచి అమలైంది. అమెరికా రోడ్డు భద్రత సంస్థ అంచనా ప్రకారం ఈ సీట్ల వల్ల ఏడాది లోపు పిల్లల్లో ప్రాణాపాయం 71 శాతం, ఒకటి నుంచి నాలుగేళ్ల వారిలో 54 శాతం తగ్గుతుంది.

వెనక్కి ఎందుకు తిప్పాలి

అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే. మెడ ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. ముందుకు చూస్తూ కూర్చున్న బిడ్డను పట్టీలు ఆపేది ఒంటిని. తల ఆగదు, మెడను లాక్కుంటూ ముందుకు పోతుంది. కారు వెనక భాగానికి ముఖం పెట్టి కూర్చుంటే తల, మెడ, వీపు మూడూ ఒకేసారి సీటు పెంకులోకి ఒదిగిపోతాయి. దెబ్బ వీపంతా పంచుకుంటుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018 నుంచి చెబుతున్నది, సీటు తయారీదారు ఇచ్చిన బరువు, ఎత్తు పరిమితి నిండేదాకా వెనక్కే కూర్చోబెట్టమని. స్వీడన్‌లో నాలుగేళ్ల పిల్లలూ అలాగే వెళ్తారు. కాళ్లు ముడుచుకుంటాయి కదా అని మన ఇళ్లలో బెంగ. నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చునే పిల్లలకు అదొక కష్టం కాదు.

వెనక్కి తిప్పిన సీటును ముందు సీట్లో, ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా ఎన్నడూ పెట్టకూడదు. సెకనులో ఇరవయ్యో వంతు లోపే తెరుచుకునే ఆ సంచీ నేరుగా బిడ్డ తల వెనక ఉన్న పెంకును కొడుతుంది. 2022 నుంచి మన దేశంలో అమ్మే ప్రతి కొత్త కారులోనూ ముందు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. దాన్ని ఆపే మీట చాలా చిన్న కార్లలో ఉండదు.

ఎంపిక

వెలను చూసి కాదు, కారును చూసి కొనాలి. ఏడెనిమిది వేల సీటు సరిగ్గా కూర్చుంటే చాలు. ముప్పై వేల సీటు కదులుతుంటే దండగ. ఆర్-44 లెక్కలో 13 కిలోల దాకా ఒక వర్గం, 9 నుంచి 18 కిలోలు మరొకటి, 15 నుంచి 36 కిలోల మధ్య బూస్టర్లు. పుట్టినప్పటి నుంచి పన్నెండేళ్ల దాకా ఒకటే సీటు అని అమ్మేవి ఖర్చు కలిసొచ్చేలా కనిపిస్తాయి. వాటిలో నెలల బిడ్డ లోపల తేలుతున్నట్టుంటుంది, పదేళ్ల పిల్లకు ఇరుకవుతుంది. రెండు విడతలుగా, నాలుగేళ్ల దాకా ఒకటి, ఆ తర్వాత వీపు ఉన్న బూస్టర్ ఒకటి కొనడమే మేలు. దాదాపు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చాకే పెద్దల బెల్టు పిల్లలకు పనికొస్తుంది. నడుము పట్టీ తొడల పైభాగాన, భుజం పట్టీ మెడకూ భుజం అంచుకూ నడుమ పడాలి. పొట్ట మీద పడితే ఆ బెల్టే పేగులకు గాయం చేస్తుంది.

బిగింపు

బిగింపులో రెండు దారులు. ఒకటి ఐసోఫిక్స్: వెనక సీటు వీపూ కూర్చునే దిండూ కలిసే సందులో కారు చట్రానికే అతికించిన రెండు ఇనుప కమ్మీలు, వాటి మధ్య దూరం 28 సెంటీమీటర్లు. సీటు కొక్కేలు వాటికి టక్కున పడితే సూచిక ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారుతుంది. ఇటీవలి కార్లలో చాలావాటికి ఇవి ఉన్నాయి. ఉన్నా కనపడకపోవడానికి కారణం సీటు కవర్లు. కారు షోరూం నుంచి రాగానే నేరుగా కవర్ల దుకాణానికి తీసుకెళ్లడం మన ఆచారం. లెదరెట్ కవరు ఆ సందును బిగుతుగా మూసేస్తుంది. నా ఎరుకలో ఒక కుటుంబం తమ కారుకు ఐసోఫిక్స్ లేదనే రెండేళ్లు అనుకుంది. చివరికి కవరు కుట్టు విప్పితే, లోపల కమ్మీలు కొత్తవి కొత్తగా మెరుస్తూ ఉన్నాయి.

కింది రెండు కొక్కేలతో పని అయిపోదు. సీటు ముందుకు తలవంచకుండా మూడో ఆధారం ఉండాలి. అది పై నుంచి వచ్చే పట్టీ కావచ్చు, నేలకు ఆనే కాలు కావచ్చు. పై పట్టీని వెనక సీటు వీపు వెనకో, డిక్కీ వైపో ఉన్న దాని కొక్కేనికే తగిలించాలి. సామాను సంచీ తగిలించే ప్లాస్టిక్ కొక్కేనికి కాదు. కాలు ఆనేచోట నేల కింద సామాను పెట్టుకునే అర ఉంటే దాని మూత ఆ బలానికి విరుగుతుంది.

రెండో దారి కారు బెల్టు. బెల్టు వెళ్లే మార్గానికి సీటు మీద రంగు గుర్తులుంటాయి: వెనక్కి తిప్పినప్పటి దారి నీలం, ముందుకు తిప్పినప్పటిది ఎరుపు. తారుమారు చేస్తే బిగించినట్టే ఉంటుంది, పట్టదు. బెల్టు పెట్టాక మోకాలిని సీట్లోకి నొక్కి, ఒంటి బరువంతా దాని మీద వేసి, రెండో చేత్తో బెల్టు వదులంతా లాగాలి. తర్వాత బెల్టు దారి దగ్గరే చెయ్యేసి ఊపాలి. అటూ ఇటూ రెండున్నర సెంటీమీటర్లకు మించి కదిలితే మళ్లీ మొదలు. సీటు పై అంచును పట్టుకుని ఊపితే ఎంత బిగించినా కదులుతుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. మొదటిసారి సెల్లార్‌లో చెమటలు కక్కుతూ ఒక గంట. నాలుగోసారికి అయిదు నిమిషాలు.

ఎక్కడ పెట్టాలన్నది తేలిక ప్రశ్న కాదు. లెక్క ప్రకారం వెనక మధ్య చోటు అన్నిటికన్నా క్షేమం. మన కార్లలో అక్కడ ఐసోఫిక్స్ ఉండదు, పాత కార్లలో నడుము పట్టీ ఒక్కటే ఉంటుంది. అందుకని ఎడమ వెనక సీటు. మనం ఎడమ పక్కన నడుపుతాం గనక ఫుట్‌పాత్ వైపు నుంచే బిడ్డను ఎక్కించి దించవచ్చు. నాచారం రోడ్డు మీద కుడి తలుపు తెరిచి నిలబడి బిడ్డకు పట్టీలు పెట్టడం ఎంత పనో అక్కడ తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు. పాత సుమోలు, బొలేరోల వెనక ఎదురెదురుగా ఉండే పక్క సీట్లకు ఏ పిల్లల సీటూ సరిపడదు.

పట్టీలు, బొంత, పట్టు లంగా

సీటు కారుకు గట్టిగా అంటుకున్నాక బిడ్డ సీటుకు అంటుకోవాలి. భుజం పట్టీలు వెనక్కి తిరిగిన సీటులో భుజాల ఎత్తులోనో కాస్త కిందో మొదలవ్వాలి, ముందుకు తిరిగితే భుజాల ఎత్తులోనో కాస్త పైనో. బిగించాక భుజం ఎముక దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టుకోవాలి. మడత చేతికి చిక్కితే వదులున్నట్టు.

ఇక్కడ మన ఇళ్లలో జరిగేది బొంత. చలిగాలి తగులుతుందని బిడ్డను బొంతలో మూటకట్టి, ఆ మూటను సీట్లో పెట్టి, పైనుంచి పట్టీలు వేస్తారు. ప్రమాదంలో బొంతలోని దూది అణిగిపోతుంది, అంత మేరా పట్టీ వదులవుతుంది. ముందు పలచటి బట్టల్లో పట్టీలు బిగించి, కావాలంటే పైన దుప్పటి కప్పాలి. గుట్టకు వెళ్లేటప్పటి పట్టు లంగా, జాకెట్టుదీ ఇదే కథ. అరచేతి వెడల్పు జరీ అంచు కాళ్ల మధ్య పట్టీ కింద ఉబ్బి, పట్టీని పొట్ట మీదికి నెడుతుంది. లంగా సంచీలో పెట్టి కొండ దిగువన తొడిగితే సరిపోతుంది. అమ్మమ్మ ఒప్పుకోవాలి కానీ.

అమ్మమ్మ అభ్యంతరం ఎప్పుడూ ఒకటే: "ఏందే, పసిపోరిని గట్ల కట్టేస్తున్నవ్? ఊపిరాడతదా?" నెలల బిడ్డ విషయంలో ఆమె భయం ఉత్తది కాదు. సీటు మరీ నిటారుగా ఉంటే తల వాలి గడ్డం రొమ్ముకు తగిలి ఊపిరి ఇబ్బంది అవుతుంది. దాదాపు 45 డిగ్రీల వాలు అందుకే. చాలా సీట్లకు పక్కన గీతో నీటి బుడగో ఉంటుంది. దూర ప్రయాణంలో రెండు గంటలకోసారి ఆపి బిడ్డను బయటికి తీయాలి. పాలు పట్టాలన్నా కారు ఆపాల్సిందే. ఇంటికి చేరాక నిద్రపోతోంది కదా అని ఆ సీట్లోనే పడుకోబెట్టకూడదు. ఏడుపు మాట వేరే. మొదటి వారం ఏడుస్తుంది. నెలల బిడ్డగా మొదలుపెడితే అలవాటవుతుంది, రెండేళ్లు ఒళ్లో ఊరేగాక మొదలుపెడితే యుద్ధమే.

ఎండాకాలం ఇంకో తిప్పలు. ఎండలో ఆగిన కారులో పట్టీ బకిల్ కాలిపోతుంది. దిగేటప్పుడు సీటు మీద తెల్లటి తువ్వాలు కప్పి వెళ్లాలి, ఎక్కించే ముందు బకిల్‌ను ముట్టుకుని చూడాలి.

అమెరికా సీటు

మల్లాపూర్‌లో చాలా ఇళ్లకు ఈ వస్తువును పరిచయం చేసింది అమెరికాలో ఉన్న కొడుకులూ కూతుళ్లూ. వాళ్ల ఇంట్లో కాన్పుకు సాయం వెళ్లిన తల్లులు, సీటు లేకుండా బిడ్డను కారులో ఇంటికి తీసుకెళ్లనివ్వని పద్ధతిని అక్కడ చూస్తారు. కాలిఫోర్నియాలో 2017 నుంచి రెండేళ్లు నిండని బిడ్డ, 40 పౌన్ల బరువో 40 అంగుళాల ఎత్తో దాటితే తప్ప, వెనక్కి తిరిగే కూర్చోవాలి. ఎనిమిదేళ్ల దాకా సీటో బూస్టరో తప్పదు. జర్మనీలో పన్నెండేళ్లు లేదా 150 సెంటీమీటర్లు. అక్కడ మారు మాట్లాడకుండా బిడ్డకు పట్టీలు పెట్టిన కొడుకే శంషాబాద్ విమానాశ్రయంలో దిగగానే బిడ్డను నానమ్మ ఒళ్లో పెడతాడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్ల గరిష్ఠ వేగం 120 కిలోమీటర్లని బోర్డులు పక్కనే కనబడుతుంటాయి.

అమెరికా నుంచి సీటు మోసుకొచ్చేవారు ఒకటి చూసుకోవాలి. అక్కడి కార్ల బెల్టు మొత్తం లాగి వదిలితే తాళం పడిపోతుంది, సీటు దాని మీద ఆధారపడుతుంది. మన కార్ల బెల్టు సాధారణంగా కుదుపుకే ఆగుతుంది, మిగతా సమయమంతా జారుతూ ఉంటుంది. సీటులోనే బెల్టును పట్టే బిగింపు లేకపోతే విడిగా లాకింగ్ క్లిప్ కావాలి. ఐసోఫిక్స్ కమ్మీలున్న కారైతే ఈ గొడవ చాలావరకు ఉండదు.

కారు లేనివారు

ఇక్కడి చాలా కుటుంబాలకు బండి అంటే రెండు చక్రాలది. ముందు నిలబడ్డ ఒకరు, మధ్యలో ఇరుక్కున్న ఇంకొకరు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం నోటిఫై చేసిన నిబంధన ఏడాది తర్వాత, 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది: నాలుగేళ్ల లోపు పిల్లలను నడిపేవారి ఒంటికి కట్టే పట్టీ, తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా వాళ్ల తలకు సరిపడే హెల్మెట్, వేగం 40 కిలోమీటర్లకు మించకూడదు. క్యాబ్‌లో, ఆటోలో పిల్లల సీటు దొరకదు. క్యాబ్ ఎక్కితే కనీసం వెనక బెల్టు కొక్కెం పైకి వచ్చి ఉందో లేదో చూడాలి. కవర్ల కింద అదీ మాయమైపోతుంటుంది. బెల్టు పెట్టుకోకుండా అలారం నోరు మూయించే క్లిప్పులు ఇంకో జాడ్యం. వినియోగదారుల రక్షణ సంస్థ 2023లో అయిదు ఆన్‌లైన్ కంపెనీలకు ఆదేశాలిచ్చి, అలాంటి 13,118 అమ్మకపు ప్రకటనలను తీయించింది.

పాత సీటు

పిల్లల సీటుకు గడువుంటుంది. ఎండకు పెంకు పెళుసవుతుంది గనక తయారీ తేదీ నుంచి ఆరు నుంచి పదేళ్లు. ఆ తేదీ సీటు అడుగున ప్లాస్టిక్ మీదే అచ్చయి ఉంటుంది. ఒక పెద్ద ప్రమాదం చూసిన సీటు పైకి ఎంత బాగున్నా మళ్లీ వాడకూడదు. అందుకే తెలిసినవారి దగ్గర తప్ప సెకండ్ హ్యాండ్ కొనవద్దంటారు. చరిత్ర తెలిసిన చెల్లెలి కొడుకు సీటు అయితే, చీటీ చెరగకుండా, పట్టీలు పీచులేవకుండా ఉంటే నిక్షేపంగా వాడవచ్చు. గడువు దాటినదాన్ని పాత సామాన్ల బండికి వేసే ముందు పట్టీలను కత్తెరతో కోసి, పెంకు మీద పనికిరాదని మార్కర్‌తో రాయాలి. లేకపోతే నెల తిరిగేసరికి అదే సీటు ఉతికిన గుడ్డతో ఇంకో ఇంటి సెల్లార్‌లో తేలుతుంది.